కైఫియత్తులో మాట్లాడేది ఎవరు?

స్థానిక చరిత్ర రాసేటప్పుడు కైఫియత్తును ‘గ్రామం చెప్పుకొన్న చరిత్ర’గా ఉదాహరించడం మన పరిశోధనల్లో పరిపాటి అయింది. ఆ మాట వాడినవారిలో ఈ వ్యాసకర్త కూడా ఒకరు. అయితే అడిగినవారెవరో, చెప్పినవారెవరో పరిశీలిస్తే ఆ మాట నిలవదు.

కాలిన్ మెకంజీ (1754–1821)కి దేశభాషలు రావు. ఆ సంగతిని, కావలి వెంకట బొర్రయ్య ప్రతిభకు తాను పడిన రుణాన్ని 1817 నాటి లేఖలో ఆయనే ఒప్పుకొన్నాడు. 1803లో బొర్రయ్య మరణించాక సోదరుడు లక్ష్మయ్య పని కొనసాగించాడు. వీరు నియోగి బ్రాహ్మణులు. వీరి బృందం ఊరూరా వెదికినవి శాసనాలు, దండకవిలెలు, స్థలపురాణాలు. కవిలె కరణం ఇంట్లో ఉంటుంది. స్థలపురాణం ఆలయంలో ఉంటుంది. ఎవరి గడప తొక్కాలో అక్కడే నిర్ణయమైపోయింది.

కరణం తటస్థ సాక్షి కాడు. దత్తమండలాలు 1800లో కంపెనీ చేతికి వచ్చాయి. 1802లో శాశ్వత శిస్తు నిబంధనలు వెలువడ్డాయి. మిరాసీలు, మాన్యాలు నిలుస్తాయో లేదో తెలియని ఆ రోజుల్లో కంపెనీ అధికారి మనిషి వచ్చి ఊరి పూర్వోత్తరాలు అడిగితే, కరణం చెప్పే సమాధానం చరిత్రా, దాఖలానా? రెండూ. ఏ రాజు ఏ శకవర్షంలో ఎవరికి ఏ అగ్రహారం ఇచ్చాడన్న వివరం కైఫియత్తుల్లో అంత నిండుగా ఉండడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. మాల, మాదిగ కులాలవారు కనబడితే గ్రామసేవకుల మాన్యాల లెక్కలో కనబడతారు. స్త్రీలు దానమిచ్చిన రాణులుగానో, అగ్నిప్రవేశం చేసి పూజలందుకొన్న పేరంటాండ్రుగానో కనబడతారు. వక్తలుగా కాదు.

వారికి చెప్పుకొనే చరిత్ర లేదా? డక్కలివారు మాదిగల ముందు పటం పరచి జాంబపురాణం చెబుతారు. భూమికంటే ముందే పుట్టిన జాంబవంతుడు మొదలుకొని కులమూలం వినిపిస్తారు. అదీ ఒక కవిలెయే. అయితే అది పటం మీద, చెప్పేవారి నోట ఉంది. భూమి హక్కును నిరూపించని ఆ కవిలెతో దఫ్తరానికి పనిలేకపోయింది.

ఇంతటితో సేకర్తలను దోషులుగా తేల్చేస్తే లక్ష్మయ్యకు అన్యాయం జరుగుతుంది. మెకంజీ మరణానంతరం ఆ పనిని తాను కొనసాగిస్తానని అతడు కోరాడు. 1836లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పక్షాన జేమ్స్ ప్రిన్సెప్ ఆ బాధ్యతకు అతడు చాలడని తోసిపుచ్చాడు. సంపుటాల పరిశీలన విలియం టేలర్ అనే క్రైస్తవ మతాచార్యునికి దక్కింది. ఊళ్లో ఎవరి మాట రాయాలో నిర్ణయించగలిగినవాడు కలకత్తాలో చరిత్రకారుడుగా లెక్కకు రాలేదు. సంపుటాల మీద మెకంజీ పేరే నిలిచింది.

సహాయకులు మెకంజీకి పంపిన నివేదికలు కొన్ని లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఎక్కడికి వెళ్లారు, ఎవరిని కలిశారు, ఎవరు తమను శంకించారు వంటి సంగతులు వాటిలో దొరుకుతాయి. కైఫియత్తులను ఆ నివేదికల పక్కన పెట్టి చదవవలసి ఉంది. చెప్పిన కరణం పేరు, రాసుకొన్నవాని పేరు, తేదీ లభించినచోట సంపాదకులు వాటిని అధస్సూచికలోకి నెట్టకుండా పాఠంలో భాగంగానే ముద్రించాలి.