ఉద్దానం అంబలి

పూర్వం మనవాళ్ళు ఏం తినేవారన్న ప్రశ్న రాగానే మన పండితులు కావ్యాలు తిరగేస్తారు. ‘క్రీడాభిరామం’లోని ఓరుగల్లు పూటకూళ్ళ భోజనమూ, ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు ఋతువు ననుసరించి అతిథులకు పెట్టిన వంటలూ చూపి, ఆంధ్రుల ఆహారం ఇదీ అంటారు. 1949లో సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కావ్యాలనుంచే జనజీవితాన్ని వెలికితీసి గొప్ప మేలు చేసింది. అయినా కావ్యానికి అందని వంటిళ్ళు ఎన్నో మిగిలాయి. పల్నాటి జొన్నకూడు తినలేక శ్రీనాథుడు విసుక్కున్నాడని చాటువులు చెప్పుకొని నవ్వుకుంటాము. కవి విసుక్కున్న ఆ కూడే అక్కడి రైతుకు నిత్యభోజనమన్న సంగతి ఆ నవ్వులో మరుగున పడుతుంది.

ఉద్దానం విషయంలో కావ్యాలకంటె వాడుకమాటలే ఎక్కువ సాక్ష్యమిస్తాయి. ఆ పేరు ‘ఉద్యానం’ నుంచి వచ్చిందంటారు. పలాస, సోంపేట తీరాన కొబ్బరి, పనస, జీడితోటలు చూస్తే పేరు తగినదే. కాని తోటలున్నంత మాత్రాన కంచాలు నిండి వుండేవనుకోరాదు. ఇక్కడ రాగి చోడి, సజ్జ గంటె. చోడిపిండి కాచిన అంబలి, గంజి పులియబెట్టిన తరవాణి, నంజుకు ఉల్లిపాయో ఎండుచేపో — కష్టజీవికి అదే ఆధారం. ఆ తిండైనా అనాదినుంచి మారనిది కాదు. మిరపా, జీడిమామిడీ పోర్చుగీసు ఓడలమీద అమెరికా ఖండంనుంచి వచ్చినవే. అంతకు పూర్వం మన కారం మిరియమే.

అంబలికి ఉప్పు కావాలి. టెక్కలి చేరువనే నౌపడాలో సముద్రపు నీరు ఉప్పుగా పండుతుంది. కాని 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తసొత్తు చేసుకున్నది. మడిలో ఉప్పు తీసిన కూలి కూడా తన అంబలిలోకి చిటికెడు ఉప్పును పన్ను కలిపిన ధరకే కొనుక్కోవలసి వచ్చింది. ఆ పన్ను 1947లోగాని పోలేదు. ఉద్దానం గంజాం జిల్లాలో వుండగా వచ్చిన 1866 కరువులో ఆ అంబలీ కరువైంది. పొయ్యిలో కట్టెకూ పోరాటమే: 1940లో మందస జమీందారీలో అడవి హక్కుకోసం రైతులు తిరగబడగా గున్నమ్మ పోలీసు కాల్పులలో మరణించింది.

ఈనాడు పట్టణాలలో రాగిజావకు ఆరోగ్యపానీయమన్న గౌరవం దక్కింది. మంచిదే. అయితే దాన్ని పూర్వుల తెలివిగా మాత్రమే పొగిడితే చరిత్ర సగమే చెప్పినట్లు. వాళ్ళు అంబలి ఎందుకు తాగారని అడిగేటప్పుడు, వరి ఎవరి గాదెకు పోయిందో, ఉప్పు ఎవరి అధీనంలో వున్నదో, అడవి ఎవరిదో కూడా అడగాలి.