మూగజీవుల తరఫున వాది ఎవరు?
ఇస్లామీ చరిత్రలో బరువు మోసే పశువుల సంరక్షణ

గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను అల్లాహ్ మానవుల ప్రయాణానికీ, శోభకూ సృష్టించాడని దివ్య ఖుర్ఆన్ (అన్‌నహ్ల్ సూరా, 16:8) తెలుపుతోంది. అంతకు ముందరి ఆయత్, ఎంతో ప్రయాసపడితే తప్ప చేరలేని ఊళ్ళకు పశువులు మనుషుల బరువులను మోసుకుపోవడాన్ని ప్రభువు కారుణ్యానికి నిదర్శనంగా పేర్కొంటోంది. అంటే ఈ పశువుల శ్రమ మనిషికి దక్కిన అనుగ్రహం. అనుగ్రహానికి లెక్క చెప్పుకోవలసి ఉంటుంది.

ముఖాన వాత పెట్టిన ఒక గాడిదను చూసి, ఆ పని చేసినవాణ్ణి దైవప్రవక్త (స) శపించిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. పశువుల వీపులను ప్రసంగ వేదికలుగా చేసుకోవద్దని వారు వారించడం, కడుపు వీపుకు అంటుకుపోయిన ఒంటెను చూసి నోరులేని జీవుల విషయంలో అల్లాహ్‌కు భయపడమని హెచ్చరించడం అబూదావూద్ సునన్‌లో కనిపిస్తాయి. ఈ హదీసులు చాలామందికి సుపరిచితమే. వీటిని తర్వాతి తరాలవారు పాలనలో, న్యాయంలో, వృత్తిలో ఎలా అమలు జరిపారన్న విషయం మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

ఖలీఫా ఆజ్ఞలు

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) హిజ్రీ 99 నుండి 101 వరకు (క్రీ.శ. 717-720) ఖలీఫాగా ఉన్నారు. ఇబ్న్ అబ్దుల్ హకమ్ రచించిన వారి జీవిత చరిత్రలో రెండు ఉత్తరువులు ఉన్నాయి. ఈజిప్టులో బాడుగ ఒంటెలపై వెయ్యి రతల్‌ల బరువు వేస్తున్నారని విని, ఇకమీదట ఆరువందల రతల్‌లకు మించరాదని ఆయన అక్కడి అధికారికి రాశారు. రహదారుల అధికారికి పంపిన ఉత్తరువులో బరువైన కళ్ళేలనూ, కొనకు ఇనుప ములికి బిగించిన కర్రలనూ నిషేధించారు. కరుణ చూపండని చెప్పి ఊరుకోక, ఎంత బరువు, ఏ కర్ర అన్నది కూడా ఖలీఫాయే నిర్ణయించారు. హద్దు తెలిస్తేనే దాన్ని మీరినవాణ్ణి పట్టుకోవడం సాధ్యమవుతుంది.

ఫుఖహాల చర్చ

పశువుకు మేత, నీరు ఇవ్వడం యజమాని బాధ్యత అనే విషయంలో ఫుఖహాలకు భేదాభిప్రాయం లేదు. అతడు ఇవ్వకపోతే ఖాజీ బలవంతం చేయవచ్చునా అన్నదే ప్రశ్న. చేయవచ్చునని మాలికీ, షాఫయీ, హంబలీ ఫుఖహాలు అన్నారు. షాఫయీ గ్రంథాల ప్రకారం తినదగిన పశువైతే యజమాని దాన్ని మేపాలి, లేదా అమ్మాలి, లేదా జిబహ్ చేయాలి. గాడిద వంటి తినరాని పశువు విషయంలో మూడో మార్గం లేదు. మేపాలి, లేదా అమ్మివేయాలి.

హనఫీ మజ్‌హబ్‌లో ప్రబలమైన అభిప్రాయం వేరు. పశువును పస్తులుంచినవాడు అల్లాహ్ ఎదుట దోషి. అయినా న్యాయస్థానం అతణ్ణి నిర్బంధించజాలదు. దీనికి ఇమామ్ కాసానీ (మ. 1191) చూపిన కారణం ఆలోచింపదగినది. తీర్పు ద్వారా నిర్బంధించాలంటే తన హక్కు కోరుతూ వాది రావాలి. పశువు ఖాజీ ముందుకు వచ్చి దావా వేయలేదు కదా! ఇమామ్ అబూ హనీఫా శిష్యుడు, హారూన్ రషీద్ కాలపు ప్రధాన ఖాజీ అయిన అబూ యూసుఫ్ (మ. 798) మాత్రం నిర్బంధించవలసిందేనన్నారు.

వాది లేని వ్యాజ్యం

ఈ చిక్కుకు సమాధానం హిస్బా వ్యవస్థలో దొరికింది. బజారులో తూనికలు, కొలతలు మొదలుకొని వృత్తుల దాకా పరిశీలించే అధికారి ముహ్తసిబ్. ఖాజీ వలె ఆయన ఫిర్యాదు కోసం వేచి ఉండనక్కరలేదు. ఇమామ్ మావర్దీ (మ. 1058) తమ 'అల్ అహ్కాముస్ సుల్తానియ్యా'లో దీన్ని స్పష్టం చేశారు: ఎవరైనా తన పశువుల చేత ఓర్వలేని పని నిత్యం చేయిస్తుంటే, ఫిర్యాదు చేసేవారు లేకపోయినా ముహ్తసిబ్ అడ్డుకోవాలి. నా పశువు మోయగలదని యజమాని వాదిస్తే, లోకవాడుకను బట్టి ఆ మాటలోని నిజానిజాలను ఆయన తేల్చవచ్చు.

12వ శతాబ్దంలో షైజరీ ముహ్తసిబ్‌ల కోసం రాసిన గ్రంథం మరీ వివరమైనది. కట్టెలు, గడ్డి తెచ్చేవారు మైదానంలో బేరం కోసం ఆగినప్పుడు పశువుల వీపు మీది బరువు దించాలి. బరువుతో నిలబెట్టడం వాటిని హింసించడమే.

అదే గ్రంథంలో పశువైద్యులకు, అంటే బైతార్‌లకు, ప్రత్యేక అధ్యాయం ఉంది. పశువుల రోగాలకు చికిత్స మనుషుల చికిత్సకన్నా కష్టమని, తమ బాధ అవి చెప్పుకోలేవు గనుక తాకి, చూసి మాత్రమే తెలుసుకోవాలని షైజరీ అంటారు. లాడం కొట్టే ముందు కాలి మడమనూ, గిట్టనూ పరీక్షించాలి. గిట్ట ఒక వైపుకు ఒరిగి ఉంటే రెండో వైపు ఎక్కువ చెక్కి సరిచేయాలి. మేకులు వదులైతే లాడం కదిలి ఇసుక, రాళ్ళు దూరతాయి. మరీ బిగిస్తే పశువు కుంటుతుంది. అనుభవం లేకుండా నెత్తురు తీసి, కోసి, వాతలు వేసి పశువుకు హాని చేసినవాడు తగ్గిన విలువను షరీఅత్ ప్రకారం చెల్లించాలి. ముహ్తసిబ్ శిక్ష దానికి అదనం.

ఈ వైద్యానికి శాస్త్రగ్రంథాలూ ఉన్నాయి. 9వ శతాబ్దంలో ఇబ్న్ అఖీ హిజామ్, 14వ శతాబ్దంలో సుల్తాన్ నాసిర్ ముహమ్మద్ కొలువులోని అబూబక్ర్ బిన్ బద్ర్ రాసిన గ్రంథాలు ప్రసిద్ధమైనవి. మమ్లూక్ సుల్తాన్ ఖాయిత్‌బాయ్ (1468-1496) కైరోలో కట్టించిన పశువుల నీటి తొట్లు నేటికీ నిలిచి ఉన్నాయి.

మన దేశంలో

హిందూస్తాన్‌లో ఈ విద్య స్థానిక విద్యతో కలిసింది. శాలిహోత్రుని పేర ప్రసిద్ధమైన అశ్వశాస్త్రం ఫార్సీలోకి వచ్చింది. ఉర్దూలో గుర్రాల వైద్యుణ్ణి 'సలోత్రీ' అనడం ఆ పేరు నుండి ఏర్పడినదే. అక్బర్ కాలపు 'ఆయీనె అక్బరీ'లో గుర్రాలకు, కంచర గాడిదలకు రోజువారీ మేత లెక్కలు ఉన్నాయి.

మన దేశపు చట్టం కూడా చివరకు ఇదే బాట పట్టింది. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం గాడిదపై 50 కిలోలు, పొట్టి గుర్రంపై 70, కంచర గాడిదపై 200, ఒంటెపై 250 కిలోలకు మించి వేయరాదు. రోజుకు తొమ్మిది గంటలు, విరామం లేకుండా ఐదు గంటలు మించి పని చేయించరాదు. ముళ్ళ కర్రలు, ముళ్ళ కళ్ళేలు నిషిద్ధం. ఈజిప్టుకు ఉత్తరువు పంపిన ఖలీఫా కాలానికీ, ఈ నిబంధనలకూ మధ్య పన్నెండు వందల సంవత్సరాలకు పైబడిన ఎడం ఉంది. ఆయన ఎంచుకున్న రెండు విషయాలూ, బరువు, ములికి, వీటిలోనూ ఉన్నాయి.

ఇటుక బట్టీలలో గాడిదలు, యాత్రాస్థలాల కొండదారుల్లో కంచర గాడిదలు నేటికీ బరువులు మోస్తున్నాయి. కాసానీ లేవనెత్తిన ప్రశ్న వాటి విషయంలో ఇంకా తీరలేదు. నిబంధన ఉన్నా, పశువు దావా వేయలేదు. మావర్దీ చెప్పిన మాట ఇక్కడే అక్కరకొస్తుంది: ఫిర్యాదీ లేడన్న సాకుతో ఆ అన్యాయాన్ని చూస్తూ ఊరుకోవడానికి షరీఅత్ అనుమతి ఇవ్వలేదు.