వీలునామా

తన తదనంతరం ఆస్తి ఎవరికి చెందాలో ఒక వ్యక్తి రాసి ఉంచే పత్రం వీలునామా. మరణశాసనం అనీ అంటారు. రాసినవారు బతికున్నంతకాలం అది అమల్లోకి రాదు. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు, చెల్లేది చివరిదే. రిజిస్టరైన దానపత్రానికి ఇంత వెసులుబాటు లేదు.

హిందువుల, క్రైస్తవుల వీలునామాలకు ఆధారం 1925 నాటి భారత వారసత్వ చట్టం. మైనారిటీ తీరి, మతిస్థిమితం ఉన్నవారెవరైనా రాయవచ్చు. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా ఐచ్ఛికమే. తప్పనిసరైనది సాక్షుల సంతకాలు. 63వ సెక్షన్ ప్రకారం రాసినవారు సంతకమో వేలిముద్రో వేయాలి. అది కళ్లారా చూసిన, లేదా తనదేనని ఆయన నోటనే విన్న ఇద్దరు సాక్షులైనా ఆయన ఎదుటే సంతకాలు చేయాలి. లోపల ఏం రాసి ఉందో వారికి తెలియాల్సిన పనిలేదు.

తగాదా కోర్టుకెక్కితే బతికున్న సాక్షుల్లో ఒకరినైనా బోనెక్కించాలి. రిజిస్టరైన వీలునామాకూ ఇందులో మినహాయింపు లేదు. కాబట్టి ఈడువారికంటే వయసులో చిన్నవారిని సాక్షులుగా పెట్టుకోవడం మేలు. 'పూర్తి స్పృహతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా' అని దస్తావేజు లేఖరులు అలవాటుగా రాసే వాక్యంతో కోర్టు తృప్తిపడదు. వణికిన సంతకం, ఆస్తి దక్కేవారే దగ్గరుండి రాయించడం, అయినవారిని అకారణంగా తప్పించడం వంటి అనుమానాలను వీలునామా తెచ్చినవారే తీర్చాలని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

స్వార్జితం ఎవరికైనా రాయవచ్చు. ఉమ్మడి పిత్రార్జితంలో మాత్రం తన వాటా వరకే. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు అందులో కొడుకులతో సమాన హక్కు దక్కింది. దేశమంతటా 2005లో వచ్చింది. ముస్లింలు అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మూడోవంతుకు మించి రాస్తే వారసుల సమ్మతి కావాలి.

వీలునామా లేకుండా పోయిన హిందూ స్త్రీల విషయంలో చట్టం మరీ మొండిది. పిల్లలు, భర్త లేకపోతే ఆమె స్వార్జితం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ కింద కన్నవారికంటే ముందు భర్త వారసులకు చేరుతుంది. పెళ్లయిన కొద్దినెలలకే భర్త పోయి, అత్తింటివారు వెళ్లగొడితే పుట్టింట చదువుకుని ఉద్యోగం చేసిన ఒకామె కేసు 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆమె కూడబెట్టిన బ్యాంకు డిపాజిట్లు, ప్రావిడెంట్ ఫండు భర్త సోదరి కొడుకులకే చెందాయి.