టికెట్టు అక్కర్లేని ఒక రోజు.. ఆర్లాండో హోటళ్ల చుట్టూ

డిస్నీ వరల్డ్‌లో విడిది గృహాలే ఒక వినోదం
అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు ఉపకరించే సమాచారం

కృష్ణా, గుంటూరు, కరీంనగర్, నల్గొండ.. జిల్లా ఏదైనా సంతానం అమెరికాలో స్థిరపడిన కుటుంబాల్లో పెద్దల ప్రయాణం ఇంచుమించు ఒకే మార్గంలో సాగుతోంది. మొదట కొన్ని వారాలు మనవళ్లతో కాలక్షేపం. ఆపై నయాగరా, వాషింగ్టన్. పిల్లల బడి సెలవులు చూసుకుని చివరగా ఫ్లోరిడా రాష్ట్రంలోని ఆర్లాండో. అక్కడి వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో నాలుగైదు రోజులు గడపడం మూడు తరాల కుటుంబ యాత్రకు పరాకాష్ఠగా మారింది. అయితే ఈ యాత్రలో మొదట అలసిపోయేది పెద్దలే. రోజుకు పది, పన్నెండు కిలోమీటర్ల నడక, గంటల తరబడి వరుసలు, నడినెత్తిన ఎండ. రెండో రోజు సాయంత్రానికే మోకాళ్లు పట్టేసి, మూడో రోజు హోటల్ గదిలో టీవీ చూస్తూ కూర్చున్న తాతయ్యలు, నాయనమ్మలు ఎందరో ఉన్నారు.

వారిని గదికి పరిమితం చేయకుండా, పార్కు టికెట్ల ఖర్చు లేకుండా కుటుంబమంతా కలిసి గడిపే మార్గం ఒకటుంది. డిస్నీ ఆవరణలోని హోటళ్లను ఒకదాని తర్వాత ఒకటిగా చూసి రావడమే అది. అమెరికన్ కుటుంబాలకు ఇది పాత అలవాటు. మన వారికి మాత్రం ఇంకా అంతగా తెలియదు. హోటల్ అంటే పడుకునే చోటు, అందులో చూడటానికేముందన్న భావన మనకు సహజం. అక్కడి సంగతి వేరు.

ఎకరా రెండు వందల డాలర్ల లోపే

డిస్నీ వరల్డ్ విస్తీర్ణం సుమారు 25 వేల ఎకరాలు. ప్రపంచంలోనే అతి పెద్ద చిత్రనిర్మాణ ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకానికెక్కిన మన రామోజీ ఫిలింసిటీ 1,666 ఎకరాలు. అంటే అలాంటివి పదిహేను ఇందులో ఇముడుతాయి. 1964, 65 సంవత్సరాల్లో వాల్ట్ డిస్నీ మనుషులు వేర్వేరు కంపెనీల పేర్లతో ఈ చిత్తడి నేలను గుట్టుగా కొన్నారు. సగటున ఎకరా రెండు వందల డాలర్ల లోపే పడింది. కొంటున్నదెవరో 1965 అక్టోబరులో స్థానిక దినపత్రిక బయటపెట్టగానే మిగిలిన భూముల ధరలు ఆకాశాన్నంటాయి. రాజధాని ప్రకటనల సమయంలో భూముల బేరాలు చూసిన మన పాఠకులకు ఈ కథ కొత్తగా తోచదు.

వాల్ట్ డిస్నీ 1966 డిసెంబరులో మరణించారు. ఆయన అన్న రాయ్ డిస్నీ పనులు పూర్తి చేయించి 1971 అక్టోబరు 1న ద్వారాలు తెరిపించారు. ఆ రోజున ఉన్నది మ్యాజిక్ కింగ్‌డమ్ అనే ఒక్క పార్కు, దానికి అనుబంధంగా కాంటెంపొరరీ, పాలినేషియన్ అనే రెండు హోటళ్లు. తర్వాత ఎప్‌కాట్ (1982), నేటి హాలీవుడ్ స్టూడియోస్ (1989), యానిమల్ కింగ్‌డమ్ (1998) పార్కులు వచ్చాయి. హోటళ్లు ఇరవైకి మించాయి. ప్రతి హోటల్‌కు ఒక ఇతివృత్తం ఉంటుంది. తలుపు గొళ్లెం మొదలు సిబ్బంది దుస్తుల వరకు దాన్ని అనుసరించే ఉంటాయి.

ఒకే రైలు.. మూడు మజిలీలు

తొలిసారి వెళ్లేవారు మోనోరైలు మార్గంతో ఆరంభించడం మేలు. ఎత్తయిన కాంక్రీటు దూలంపై నడిచే ఈ రైలు కాంటెంపొరరీ, పాలినేషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్ హోటళ్లను, మ్యాజిక్ కింగ్‌డమ్‌ను కలుపుతూ సరస్సు చుట్టూ తిరుగుతుంది. ఎక్కడానికి టికెట్టు లేదు. చక్రాల కుర్చీతోనూ నేరుగా ఎక్కవచ్చు.

కాంటెంపొరరీ హోటల్‌లో రైలు భవనం మధ్య నుంచే దూసుకుపోతుంది. కింద జనం కాఫీ తాగుతుంటారు, తలపై రైలు వెళుతుంటుంది. మనవళ్ల కన్నా తాతలే నోరు తెరిచే దృశ్యమిది. నిర్మాణ విధానమూ విచిత్రమే. ఉక్కు చట్రాన్ని ముందుగా నిలబెట్టి, గదులను వేరే చోట స్నానాల గదితో సహా తయారుచేసి, లారీలపై తెచ్చి క్రేన్లతో సొరుగుల్లా చట్రంలోకి తోశారు. ఈ పని చేసింది యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కంపెనీ. మరమ్మతు వస్తే గదిని మళ్లీ బయటకు లాగుతారని చాలాకాలం ప్రచారం జరిగింది కానీ అది వాస్తవం కాదు. లోపలి మందిరంలో 90 అడుగుల ఎత్తున పలకలతో కూర్చిన కుడ్యచిత్రం ఉంది. చిత్రకారిణి మేరీ బ్లెయిర్ రూపొందించిన ఈ చిత్రంలో ఒక మేకకు అయిదు కాళ్లుంటాయి. ఆ మేకను వెదకమని పిల్లలకు చెబితే అరగంట వారి గొడవ ఉండదు.

పత్రికా పాఠకులకు ఆసక్తి కలిగించే అంశం మరొకటి. వాటర్‌గేట్ కుంభకోణం ముసురుకున్న వేళ అధ్యక్షుడు నిక్సన్ తాను వంచకుణ్ని కానని చెప్పుకొన్న ప్రసిద్ధ ప్రసంగం ఈ హోటల్‌లోనే జరిగింది. 1973 నవంబరు 17న వార్తా సంపాదకుల సమావేశంలో ఆయన ఆ మాట అన్నారు. తొమ్మిది నెలలు తిరక్కుండానే పదవి వదులుకున్నారు.

పాలినేషియన్ హోటల్ పసిఫిక్ ద్వీపాల పల్లెను తలపిస్తుంది. వెదురు, రాళ్లు, పచ్చని మొక్కలు, సరస్సు ఒడ్డున ఇసుక. కోస్తా జిల్లాల వారికి ఇంటికి వచ్చినట్లే ఉంటుంది. నీటిపై స్తంభాలు నిలిపి కట్టిన 20 కుటీరాలు 2015లో, ఐలండ్ టవర్ అనే కొత్త భవనం 2024 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. రాత్రి మ్యాజిక్ కింగ్‌డమ్ బాణసంచా ఈ ఒడ్డు నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. టికెట్టు కొన్నవారు పార్కులో భుజాలు రాసుకుంటూ నిలబడి చూసేది, ఇక్కడ కూర్చుని చూడవచ్చు.

ఎర్రని పైకప్పులు, తెల్లని గోడల గ్రాండ్ ఫ్లోరిడియన్ 1988లో వెలిసింది. రైళ్లు కొత్తగా వచ్చిన పంతొమ్మిదో శతాబ్దపు చివరి కాలంలో అమెరికా సంపన్నులు ఫ్లోరిడా తీరంలో విడిది చేసిన రాజప్రాసాదాల వంటి హోటళ్లు దీనికి నమూనా. అయిదంతస్తుల ఎత్తు మందిరం, రంగుటద్దాల గుమ్మటాలు, పంజరం వంటి పాతకాలపు లిఫ్టు ప్రత్యేకతలు. క్రిస్మస్ వేళ మందిరంలో అల్లం రొట్టెతో మనుషులు పట్టేంత ఇల్లు కట్టే సంప్రదాయం 1999లో మొదలైంది. మరమ్మతులున్న ఏడు అది ఉండకపోవచ్చు కనుక దానికోసమే వెళ్లేవారు ముందుగా విచారించుకోవాలి.

సరస్సు వద్ద అప్రమత్తత

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. 2016 జూన్‌లో గ్రాండ్ ఫ్లోరిడియన్ ఒడ్డున లోతులేని నీటిలో ఆడుకుంటున్న రెండేళ్ల బాలుణ్ని మొసలి జాతికి చెందిన ఆలిగేటర్ లాక్కుపోయింది. ఆ పసివాడు దక్కలేదు. అప్పట్లో ఈత నిషేధమన్న బోర్డులున్నాయే గాని ఆలిగేటర్ల ప్రస్తావన లేదు. ఆ తర్వాత కంచెలు, రాళ్ల గట్లు, స్పష్టమైన హెచ్చరిక బోర్డులు ఏర్పాటు చేశారు. బాలుని స్మృతికి చిహ్నంగా దీపస్తంభం ఆకృతిలో శిల్పాన్ని 2017లో నిలిపారు. ఫ్లోరిడాలో మంచినీటి గుంట ఏదైనా ఆలిగేటర్ ఉండవచ్చన్నది స్థానికులు మరువని నియమం. చెరువు కనబడితే కాళ్లు కడుక్కునే అలవాటున్న మన పెద్దలు ఆ ఒక్క అలవాటును అక్కడ మానుకోవాలి. చీకటి పడ్డాక పిల్లలను నీటి అంచుకు పోనివ్వకూడదు.

కిటికీ ముందు జిరాఫీ

ఒకే ఒక హోటల్ చూసే వ్యవధి ఉంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌ను ఎంచుకోవాలి. 2001 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ హోటల్ వాస్తుశిల్పి పీటర్ డొమినిక్. ఆఫ్రికా పల్లెల్లో పశువులను తోలే గుండ్రని దొడ్డి ఆకారంలో భవనాన్ని వంచి, నడుమ గడ్డిమైదానం పెంచారు. అందులో జిరాఫీలు, జీబ్రాలు, పొడవు కొమ్ముల పశువులు, కొంగలు స్వేచ్ఛగా తిరుగుతాయి. గది బాల్కనీ నుంచి కనిపించే మాట నిజమే కానీ గది అద్దె సామాన్యులకు అందేది కాదు. భవనం వెనుక అందరికీ తెరిచి ఉంచిన వీక్షణ స్థలం ఉంది. అక్కడ నిలబడి చూస్తే అద్దె కట్టినవారికి కనిపించే జిరాఫీయే కనిపిస్తుంది. ఉదయం, సాయంత్రం వేళల్లో జంతువులు చురుగ్గా ఉంటాయి. మిట్టమధ్యాహ్నం వెళితే నీడన పడుకున్న వీపులే కనబడతాయి.

ఇక్కడి సిబ్బందిలో ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన యువతీయువకులు ఉంటారు. జంతువుల గురించే కాక తమ ఊళ్ల గురించి, పంటల గురించి ఓపికగా చెబుతారు. వ్యవసాయ కుటుంబాల నుంచి వెళ్లిన మన పెద్దలకు, మనవడు మధ్యలో అనువదిస్తే, ఈ సంభాషణ జిరాఫీ కన్నా ఎక్కువ నచ్చవచ్చు.

పక్కనే 2009లో తెరిచిన కిడాని విలేజ్ భాగంలో సనా అనే భోజనశాల ఉంది. ఆఫ్రికా వంటకు భారతీయ మసాలాలు జోడించడం దీని పద్ధతి. నాన్ వంటి రొట్టెలను రకరకాల చట్నీలు, పచ్చళ్లతో వడ్డిస్తారు. నాలుగు రోజులుగా బర్గర్లు, ఆలుగడ్డ వేపుళ్లతో విసిగిన నాలుకకు ఇది ఊరట. శాకాహారులకూ లోటుండదు. కిటికీ పక్కన బల్ల దొరికితే తింటూనే జీబ్రాలను చూడవచ్చు. ముందస్తు రిజర్వేషన్ మాత్రం తప్పనిసరి.

ఇదే వాస్తుశిల్పి 1994లో రూపొందించిన వైల్డర్‌నెస్ లాడ్జ్ మరో ఆకర్షణ. ఎల్లోస్టోన్ అడవిలోని శతాధిక వర్షాల దుంగల హోటల్ దీనికి ప్రేరణ. 82 అడుగుల రాతి పొయ్యి గొట్టం గ్రాండ్ కేనియన్ లోయలోని శిలల పొరలను కింది నుంచి పైకి వరుసగా చూపుతుంది. మందిరంలో ఊటలా పుట్టిన సెలయేరు బయటకు పారి జలపాతమై దూకుతుంది. మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి పడవలో చేరుకోవచ్చు.

తీగబండిపై చౌక హోటళ్లు

ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ పార్కులను నాలుగైదు హోటళ్లతో కలిపే స్కైలైనర్ తీగబండి 2019 సెప్టెంబరు 29న మొదలైంది. దీనికీ రుసుము లేదు. పెట్టెల్లో ఏసీ ఉండదు, గాలి ఆడే కిటికీలే. మెరుపులు మెరిస్తే నిలిపివేస్తారు. ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు మధ్యాహ్నం వేళ పిడుగుల వాన దాదాపు నిత్యకృత్యం కనుక తీగబండి ప్రయాణాన్ని ఉదయమే ముగించడం ఉత్తమం.

ఈ మార్గంలోని పాప్ సెంచరీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ తక్కువ ధర తరగతికి చెందినవి. పాప్ సెంచరీ 2003 డిసెంబరులో తెరుచుకుంది. భవనాల ఎత్తున నిలబెట్టిన యోయోలు, బౌలింగ్ కొయ్యలు పిల్లలకు ఫొటోల పండగ. చెరువుకు ఆవల దీని రెండో సగం కూడా కట్టాల్సి ఉండగా 2001 సెప్టెంబరు 11 దాడుల అనంతరం పర్యాటకం కుదేలై పనులు ఆగాయి. సగం కట్టిన భవనాలు ఏళ్ల తరబడి అలాగే నిలిచాయి. ఆ స్థలంలోనే 2012 మే 31న ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ ప్రారంభమైంది.

ఎప్‌కాట్ వెనుక మైఖేల్ గ్రేవ్స్ రూపొందించిన స్వాన్, డాల్ఫిన్ జంట హోటళ్లు (1990) కప్పులపై భారీ హంసలు, చేపలతో దూరం నుంచే కనిపిస్తాయి. సమయం లేనివారు పడవలోంచే చూసి సాగిపోవచ్చు.

గమనించాల్సినవి

ఈత కొలనులు ఆయా హోటళ్లలో బస చేసినవారికే పరిమితం. పిల్లలు మారాం చేస్తారని ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లాలి. మందిరాలు, దుకాణాలు, తినుబండారాల శాలలు, తోటలు సాధారణంగా అందరికీ అందుబాటులో ఉంటాయి. క్రిస్మస్, జులై 4 వంటి రద్దీ దినాల్లో మాత్రం కాపలా సిబ్బంది గది బుకింగ్ లేదా భోజన రిజర్వేషన్ చూపమని కోరే అవకాశం ఉంది. ఒక హోటల్‌లో భోజనం బుక్ చేసుకుని వెళితే చిక్కు ఉండదు.

సొంత కారు ఉన్నవారికి డిస్నీ స్ప్రింగ్స్ అనే అంగళ్ల సముదాయం వద్ద పార్కింగ్ ఉచితం. అక్కడి నుంచి హోటళ్లకు బస్సులున్నాయి. ఒక హోటల్ నుంచి మరో హోటల్‌కు నేరుగా బస్సు ఉండదు. ఏదో ఒక పార్కు వద్దనో, డిస్నీ స్ప్రింగ్స్‌లోనో మారాలి. ఇందుకు గంటకు పైగా పట్టవచ్చు. అందువల్ల మోనోరైలు హోటళ్లు ఒక పూట, యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ మరో పూట అన్నట్లు విభజించుకోవాలి. ఒకే రోజు ఆరేడు హోటళ్లు చూడాలనుకుంటే పార్కులో నడిచినంత నడకా ఇక్కడా తప్పదు.

మందిరాల్లో చిరునవ్వుతో పలకరించి కాగితాలు అందించే బల్లల వద్ద జాగ్రత్త వహించాలి. కొన్నేళ్ల పాటు ఏడాదికి కొన్ని రోజుల బస హక్కు అమ్మే పథకమది. డిస్నీ దీన్ని 1991లో ప్రవేశపెట్టింది. ఆవరణ బయట కిసిమ్మీ రహదారిలో ఇతర సంస్థలు చౌక పార్కు టికెట్ల ఆశ చూపి ఇలాంటి పథకాల ప్రసంగాలకు పిలుస్తుంటాయి. గంటన్నర అని చెప్పి సగం రోజు కూర్చోబెట్టే చోట్లున్నాయి. సంతకం చేస్తే ఏటా నిర్వహణ రుసుము కట్టాల్సి వస్తుంది.

మూడేళ్ల లోపు పిల్లలకు పార్కుల్లోనూ టికెట్టు అక్కర్లేదు. మిగతా కుటుంబం పార్కుకు వెళ్లిన రోజున పెద్దలు పసివారితో ఏ హోటల్ మందిరంలోనైనా చల్లగా కూర్చోవచ్చు. బీపీ, షుగరు మందులు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. భారతదేశం నుంచి తీసుకున్న ప్రయాణ బీమా కాగితం నకలు, పిల్లల ఫోన్ నంబరు జేబులో తప్పక ఉండాలి. అత్యవసరమైతే 911కు ఫోన్ చేయాలి. రాత్రి బాణసంచా ముగిశాక మోనోరైలు వద్ద రద్దీ ఎక్కువగా ఉంటుంది. కాంటెంపొరరీకి మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి నడక దారి ఉంది. పది నిమిషాల దూరం.