చమురు తెట్టుకు చెరకు ఆకు

2020 ఆగస్టులో మారిషస్‌లోని మాహెబూర్ ఒడ్డున ఊరంతా కుట్టుపనికి కూర్చుంది. గుడ్డను పొడవాటి గొట్టంలా కుట్టి, అందులో ఎండు చెరకు ఆకు కూరి, మూతి బిగించి, నీళ్లలో తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టారు. జులై 25న పగడపు దిబ్బకెక్కిన వకాషియో ఓడ నుంచి ఆగస్టు 6న ఇంధనం కారడం మొదలైంది. సుమారు వెయ్యి టన్నులు సముద్రంలో కలిసింది. సంగతి అధికారులు చూసుకుంటారని ప్రభుత్వం చెప్పినా జనం ఆగలేదు. ఆ గొట్టాల్లో కూరడానికి కొందరు జుట్టు కత్తిరించి ఇచ్చారు.

ఆ దీవి చెరకు తోటల్లో చెమటోడ్చినవాళ్లలో 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లూ ఉన్నారు. చెరకు కొట్టాక చేలో మిగిలే ఆకే చివరికి ఆ తీరానికి అడ్డుకట్ట అయింది.

పారేసే వస్తువుతో చమురు ఎత్తడం అప్పటికి పాత పద్ధతే. 1969 జనవరిలో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా దగ్గర సముద్రంలోని చమురు బావి పొంగినప్పుడు ఇసుక మీద గడ్డి పరిచి, నల్లబడ్డాక దంతెలతో ఊడ్చి ఎత్తారు.

1989 మార్చిలో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికింది. టీవీలో నీటిపిల్లుల బొచ్చు చమురును పట్టుకోవడం అలబామా క్షురకుడు ఫిల్ మెక్రోరీ చూశాడు. తన దుకాణంలో ఊడ్చిన జుట్టును భార్య మేజోళ్లలో కూరాడు. కొడుకు ఆడుకునే తొట్టిలో నీళ్లు నింపి, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోసి, ఆ మూటను వేశాడు. రెండు నిమిషాల్లో నీళ్లు తేటపడ్డాయి. తర్వాత నాసా మార్షల్ కేంద్రం కూడా దీన్ని పరీక్షించింది. వెంట్రుక మీద పొలుసుల్లాంటి పొరలుంటాయి. చమురు వాటిని అంటుకుంటుంది.

లోపాలూ ఉన్నాయి. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు ఒలికిన ప్రమాదానికి సెలూన్ల నుంచి జుట్టు వచ్చిపడింది కానీ, నీళ్లు తాగి మునిగిపోతుందని అధికారులు వద్దన్నారు. గడ్డిదీ అదే ఇబ్బంది. పైగా చమురు పీల్చిన ఆకు, జుట్టు మళ్లీ విషపు చెత్తే. దాన్ని జాగ్రత్తగా వదిలించుకోవాలి.

విశాఖ, కాకినాడ తీరాలకు ఓడలు రోజూ వస్తున్నాయి. చెరకు ఆకు, వరిగడ్డి మన ఊళ్లలో దండిగా ఉన్నాయి. ఎవరు కూరాలో, తడిసినది ఎక్కడికి చేర్చాలో రేవు అధికారులూ మత్స్యకారులూ ఇప్పుడే కూర్చుని తేల్చుకోవాలి.