నేల కింది నుంచి నెత్తి మీదికి

డేటా సెంటర్లలో ర్యాకుల పైన వేలాడే నిచ్చెన ట్రేలు వాటి సొంత ఆవిష్కరణేమీ కాదు. ఆ పద్ధతి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలది. అక్కడి పనివాళ్లు కేబుళ్ల కట్టల్ని మైనం పట్టించిన దారంతో, కొద్ది అంగుళాలకో ముడి చొప్పున, ట్రేకు కట్టేవారు. ఒక ముడి తెగినా మిగతావి పట్టి ఉంచేవి. విమానాల వైరింగ్ కోసం 1958లో వచ్చిన ప్లాస్టిక్ టై ఆ పనితనాన్ని చాలాచోట్ల మింగేసింది.

కంప్యూటర్ల వాళ్లు మాత్రం నేల కిందికి దిగారు. ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్/360నే తీసుకోండి. డిస్కులు, టేపులు, ప్రింటర్లను ప్రాసెసర్‌కు కలపడానికి లంకెకు రెండేసి కేబుళ్లు. డేటా మోసేది బస్, అదుపు సంకేతాలు మోసేది ట్యాగ్. రెండూ లావే, రెండూ మొండివే. గదిలో అడ్డంగా పరిస్తే నడవడానికి దారుండదు. అందుకే చిన్న స్తంభాల మీద రెండడుగుల చదరపు పలకలు పేర్చిన రైజ్డ్ ఫ్లోర్ రివాజైంది. రబ్బరు కప్పుల పిడిని పలకకు నొక్కిపెట్టి పైకి లాగితే కేబుళ్లు చేతికందుతాయి.

అదే ఖాళీలోంచి ఏసీ చల్లగాలిని కూడా పంపారు. చిక్కు అక్కడే వచ్చింది. మిషన్ మారినప్పుడల్లా పాత కేబుల్ కిందే ఉండిపోయేది. దాన్ని లాగితే పక్కనున్న పనిచేసే కేబుల్ ఎక్కడ ఊడుతుందోనని భయం. దానిమీదే కొత్తది. ఏళ్లు గడిచేసరికి ఆ గుట్టలు గాలికి అడ్డుకట్టలయ్యాయి. పైగా వాటి తొడుగు మంటకు మేత, పొగకు మూలం. అమెరికా విద్యుత్ కోడ్ 2002లో, వాడకంలో లేని కేబుళ్లలో చేయి అందేంత మేర తీసేయాల్సిందేనంది. ఆలస్యంగానైనా మంచి నిబంధనే.

ఈ చిక్కులతోనే చాలాచోట్ల కేబుళ్లు నెత్తి మీది ట్రేలకెక్కాయి. కేబుళ్ల దారులకంటూ ప్రమాణాలు 1990 తర్వాతే కుదురుకున్నాయి. డేటా సెంటర్ల కోసమే రాసిన టీఐఏ-942 వచ్చింది 2005లో. రాగి ఈథర్నెట్ లంకెకు మామూలుగా హద్దు 100 మీటర్లు. ప్లానులో గీత కొలిచి సరిపోయిందనుకుంటే పొరపాటే. ర్యాకు నుంచి ట్రేకి ఎక్కడం, మలుపులు, మళ్లీ దిగడం, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఫైబర్‌కైతే పొడవు బాధ తక్కువ, వంపు బాధ ఎక్కువ. అందుకే దాని పసుపు డక్టుల మూలలు గుండ్రంగా ఉంటాయి.

ఇప్పుడు నేల కింది ఖాళీకి మళ్లీ పని పడుతోంది. ఎన్విడియా 2024లో చూపిన ఏఐ కంప్యూటర్ ఎన్‌వీఎల్72లో ఒక్క ర్యాకు వెనకే 5,000కు పైగా రాగి కేబుళ్లు! అలాంటి ర్యాకును చల్లబరచడానికి నీళ్ల గొట్టాలూ కావాలి. ట్రేల మీదుగా నీళ్లు పోనివ్వడానికి జంకే డిజైనర్లు ఆ గొట్టాలను రైజ్డ్ ఫ్లోర్ కిందికి పంపుతున్నారు.