కత్తి దొరికినా జోడీ దొరకాలి

పోయిన ఆయుధపూజ రోజు జర్మనీలో చదువుకుంటున్న మా తమ్ముడి కూతురు వీడియో కాల్ చేసింది. పూజలో పెట్టినవన్నీ చూపించమంది. కత్తిపీట, కొడవలి, సైకిల్ పంపు, వాటి పక్కన మా నాయన సాము కర్ర. కర్రను చూడగానే "పెదనాయనా, నేనిక్కడ కత్తిసాము నేర్చుకుంటా ఉన్నా" అంది. ఒలింపిక్స్‌లో చూసే ఫెన్సింగ్ కాదంట. ఐదారు వందల ఏళ్ల కిందటిది, రెండు చేతులతో పట్టే పొడుగు కత్తి.

"ఎవరే నేర్పేది? ఆ గురువులంతా ఎప్పుడో పోయుంటారే!" అన్నాను.

"పుస్తకాలే గురువులు పెదనాయనా. కష్టమంతా జోడీ దొరకడంలోనే ఉంది" అంది.

ఆ మాట మనసులో నిలిచిపోయింది. మా నాయన కర్ర అటకెక్కింది కూడా అందుకే కాబట్టి. ఆ సంగతి చివర చెబుతాను. ముందు ఆ పిల్ల పుణ్యమా అని నేను చదివి తెలుసుకున్నది చెప్పనీయండి.

యూరప్‌లో ఇప్పటికి దొరికిన కత్తిసాము పుస్తకాల్లో అన్నిటికన్నా పాతది ఇంగ్లండులోని లీడ్స్ ఆయుధశాల మ్యూజియంలో ఉంది. సుమారు 1300ల మొదట్లో జర్మనీలో తయారైన లాటిన్ రాతప్రతి. ఒక చేత కత్తి, ఇంకో చేత చిన్న డాలు పట్టి ఆడే విద్య అందులో ఉంది. నేర్పేవాడు ఒక పూజారి, నేర్చుకునేవాడు ఆయన శిష్యుడు. బొమ్మల్లో ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారు, ఒకరి ఎత్తుకు ఇంకొకరు పైఎత్తు. చివరి పుటల్లో శిష్యుడి చోట వాల్‌పుర్గిస్ అనే ఆడమనిషి కత్తి పట్టి నిలబడుతుంది. ఏడు వందల ఏళ్ల కిందటి బొమ్మలో ఆడపిల్ల! మా పిల్ల దీన్ని ఎంత గర్వంగా చెప్పిందో.

తరవాత వచ్చినవాడు యోహన్నెస్ లీచ్టెనావర్. ఈయన జర్మనీలో పొడుగు కత్తి విద్యకు మూలపురుషుడు. విద్యనంతా పద్యాల్లో పెట్టాడు. బయటివాళ్లకు అర్థం కాకుండా కావాలనే గూఢంగా కట్టాడు. 1400ల్లో వచ్చినవాళ్లు వాటికి వ్యాఖ్యానాలు రాశారు. మూలం పద్యం, కింద టీక. మనకు ఇది కొత్తేమీ కాదు కదా. ఇవాళ నేర్చుకునేవాళ్లకు ఆ పద్యాలకన్నా ఆ టీకలే దిక్కు.

ఇటలీలో ఫియోరె దెయి లిబెరి అనే ఆయన 1410 ప్రాంతంలో తన పుస్తకం ముగించి ఫెరారా ప్రభువుకు అంకితమిచ్చాడు. ఆయన బొమ్మల్లో ఒక ముచ్చటైన పద్ధతి ఉంది. గురువు తలమీద కిరీటం. ఆయన ఎత్తు నేర్చినవాడి మోకాలి కింద బంగారు పట్టీ. ఆ ఎత్తును విరిచేవాడికి కిరీటమూ పట్టీ రెండూ. దెబ్బ తినేవాడికి మాత్రం ఏ గుర్తూ లేదు. కానీ వాడు లేకపోతే ఆ బొమ్మే లేదు.

ఈ విద్య దొరల కోటల్లోనే ఉండేదనుకోకండి. పట్నాల్లో చేతిపనివాళ్లు కూడా నేర్చుకునేవారు. 1487లో చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ ఒక కత్తిసాము సంఘానికి అధికారపత్రం ఇచ్చాడు. 1570లో స్ట్రాస్‌బర్గ్‌లో పెద్ద పుస్తకం అచ్చేసిన యోఆఖిమ్ మాయర్ కత్తులు చేసి బతికే పనివాడు. అప్పు చేసి అచ్చేయించాడు, మరుసటి ఏడే పోయాడు.

తుపాకులు వచ్చాక యుద్ధంలో పొడుగు కత్తికి పని తగ్గింది. ద్వంద్వయుద్ధాల్లో సన్నకత్తి వాడుకలోకి వచ్చింది. చివరికి అది ఆటగా మారింది. పాత విద్యలో గురువునుంచి శిష్యుడికి వచ్చే వరస తెగిపోయింది. 1880, 90ల్లో లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ హటన్ అనే సైనికాధికారి, ఎగర్టన్ కాజిల్ అనే రచయిత పాత పుస్తకాలు తిరగేసి, ఆ ఎత్తుల్ని జనం ముందు ఆడి చూపించారు. ఈ హటన్ కుర్రతనంలో మన దేశంలో ఉన్న స్కాటిష్ పటాలంలో పనిచేసినవాడే. అక్కడ తోటి సైనికులకోసం కత్తిసాము క్లబ్బు పెట్టాడు. అంటే ఆయన కూడా మొదట చేసిన పని జోడీలను పోగుచేయడమే. వాళ్ల తరవాత మళ్లీ చాలాకాలం చప్పబడింది. 1990ల్లో రాతప్రతుల నకళ్లు ఇంటర్నెట్‌లోకి వచ్చాక ఊరూరా చిన్న చిన్న గుంపులు లేచాయి.

ఎలా మొదలుపెట్టాలని మన పిల్లలెవరైనా అడిగితే, మా అమ్మాయి చెప్పిన వరస ఇది. ముందు కత్తి కొనకండి, గుంపును వెతకండి. చాలా గుంపుల్లో కొత్తవాళ్లకు కత్తి వాళ్లే ఇస్తారు. మొదట్లో అడుగులు వేయడం, కర్ర కత్తితోనో ప్లాస్టిక్ కత్తితోనో నెమ్మదిగా ఎత్తులు. ఆ తరవాతే ఫెడర్ అనే ఇనప కత్తి. దానికి పదును ఉండదు, మొన మొద్దుగా ఉంటుంది, పొడిచినప్పుడు వంగుతుంది. బరువు దాదాపు కిలోన్నర. సినిమాల్లో చూపించినట్టు మోయలేని బరువేమీ కాదు. ముఖానికి జాలీ ముసుగు, గొంతుకు కాపు, చేతులకు గట్టి తొడుగులు తప్పనిసరి. దెబ్బలు ఎక్కువగా తగిలేది వేళ్లకే.

గుంపు లేని ఊళ్లో ఉంటే? ఒకే ఒక్కరు దొరికినా చాలు. ఇద్దరూ ఒకే పుస్తకం పట్టుకోవాలి. ఒకరు బొమ్మలో గురువులా నిలబడితే ఇంకొకరు దెబ్బ తినేవాడు కావాలి, కాసేపటికి మారాలి. "గెలవాలని వచ్చేవాడు జోడీ కాడు పెదనాయనా. సరైన దెబ్బ సరైన చోటికి వేసి, తగిలేలోపు ఆపగలిగేవాడే జోడీ" అంది. మా నాయన ఉంటే ఈ మాటకు తల ఊపేవాడు.

మన తంజావూరు వైపు వాళ్లకు ఈ కత్తులు పూర్తిగా పరాయివి కావు. దక్కనులో, దక్షిణాదిలో "ఫిరంగి" అనే కత్తి ఉండేది. పొడుగ్గా తిన్నగా ఉండే అలుగు యూరప్ నుంచి ఓడల్లో వచ్చేది, పిడి మాత్రం ఇక్కడి పనివాళ్లు పెట్టేవారు. తంజావూరు కోట ఆయుధశాలలో ఇలాంటివి ఉండేవి. ఆ ఆయుధాలు కొన్ని ఎగ్మూరు మ్యూజియంలో చూడవచ్చు. ఫిరంగి అంటే మనకు పెద్ద తుపాకీయే గుర్తొస్తుంది గానీ, ఆ పేరు "ఫ్రాంకుల" నుంచి వచ్చింది. యూరప్‌వాళ్లది అని అర్థం. కత్తి వచ్చింది, దాన్ని ఆడే పుస్తకం రాలేదు. మనవాళ్లు దానికి మన సామే నేర్పారు.

ఇక మా నాయన కర్ర. నాయనా చిన్నాయనా ఇద్దరూ సాయంత్రం చెరువుగట్టు మీద కర్రసాము చేసేవాళ్లు. ఇరుగుపొరుగు వాళ్లు దాన్ని సిలంబం అనేవాళ్లు, మా ఇంట్లో సామే. చిన్నాయన ఉద్యోగానికి బొంబాయి వెళ్లాడు. నాయన కొన్నాళ్లు ఒక్కడే కర్ర తిప్పాడు. తరవాత అదీ మానేశాడు. నాకు నేర్పమంటే "ఒక చేత్తో చప్పట్లు మోగుతాయంట్రా?" అనేవాడు. నేనూ ఆ జోడీ కావచ్చునని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. అప్పుడు నాకు పదమూడేళ్లు. ఇప్పుడు ఆ సాములో నాకు గుర్తున్నది మొదటి నమస్కారం ఒక్కటే.

యూరప్‌వాళ్లకు వరస తెగినా బొమ్మలు మిగిలాయి. మా ఇంట్లో వరసా తెగింది, బొమ్మా లేదు.

అందుకే మన బంధువుల్లో హోసూరులోగానీ, బరంపురంలోగానీ, యానాంలోగానీ కర్రసాము, కత్తిసాము చేసిన పెద్దలు ఉంటే ఒక్క మనవి. ఫోన్‌లో వీడియో తీయించండి. ఒక్కరే కర్ర తిప్పుతున్నది కాదు, ఎదురుగా మనవడినో మనవరాలినో నిలబెట్టి, ఇద్దరూ కనబడేలా, నెమ్మదిగా. దెబ్బ ఎక్కడ మొదలైంది, ఎదుటివాడు ఎలా కాచుకున్నాడు, అడుగు ఎటు పడింది, నోటితో చెబుతూ తీయండి. పేర్లు మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే చెప్పండి, తమిళం కలిసినా ఒడియా కలిసినా పరవాలేదు.

సంక్రాంతికి మా పిల్ల ఊరికి వస్తానంది. కర్రకు నూనె రాసి పెట్టాను. ఇంకో కర్ర కూడా కొట్టించాను.